కిందింటి కేక

"అత్తయ్యా... ఫ్లాటు తాళాలు ఇచ్చేశారు!"

అంత మాటా అనేసి రాజశ్రీ, తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని నిలబడిపోయింది. మామిడికాయ తొక్కులో కారం కలుపుతున్న శంకరమ్మ చెయ్యి బేసిన్‌లోనే ఆగిపోయింది. కోడలు సంతోషంగా చెప్పాల్సిన కబురు అది... అత్త సంతోషంగా వినాల్సిన కబురు! సొంత ఫ్లాటు, అదీ ఉప్పల్లో, స్టేడియం వెనక వీధిలో, కోడలు పాఠాలు చెప్పే బడికి నడిచిపోయేంత దగ్గర్లో. కానీ ఇద్దరిలో ఒక్కరి మొహంలోనూ ఆ కళ లేదు.

"వచ్చే ఆదివారం పాలు పొంగించేద్దాం అంటున్నారు ఆయన. ఎంత దూరం అత్తయ్యా, ఆటో ఎక్కితే పావుగంట! నేను రోజూ వస్తాను కదా..."

"మంచిగున్నది బిడ్డా! సొంతిల్లంటే ఎవలకు చేదు?" అంది శంకరమ్మ, మోచేత్తో కళ్ళు ఒత్తుకుంటూ. కారం ఘాటు అనుకోమన్నట్టు గట్టిగా రెండుసార్లు తుమ్మింది కూడా! ఆ తుమ్ములు దొంగ తుమ్ములని కోడలికి తెలుసు. తెలిసినా అత్త చేతిలోంచి బేసిన్ అందుకుని, తొక్కును రెండు జాడీల్లోకి సర్దడం మొదలుపెట్టింది. ఒకటి కింది ఇంటికి, ఇంకొకటి ఉప్పల్ ఇంటికి.

నాచారం నుంచి ఉప్పల్ ఏమంత దూరమని! ఆమె బాధ దూరం గురించి కాదు. పైన ఉన్న కొడుకు జగన్, కింద ఉన్న తండ్రి గండయ్య మాట్లాడుకుని ఆరేళ్ళయింది! ఒకే ఇల్లు, ఒకే గేటు, ఒకే బోరు నీళ్ళు... ఒకరు బండి బయటికి తీస్తుంటే ఇంకొకరు చెప్పులు వెతుక్కునే వంకతో లోపలే ఆగిపోతారు. కూర గిన్నెలూ, కబుర్లూ, కరెంటు బిల్లూ అన్నీ శంకరమ్మే మోసింది ఆ మెట్ల మీద! అయినా ఇన్నాళ్ళూ కొడుకు అడుగుల చప్పుడు నెత్తి మీద వినిపిస్తూ ఉండేది. ఇవాళ కాకపోతే రేపు, ఏ పండక్కో పబ్బానికో కలుస్తారులే అని ఆశ ఉండేది. ఇక ఆ పై వాటాకు తాళం పడితే... తాళం పడ్డాక ఈ మొండి మనుషులు మళ్ళీ ఏనాడు ఎదురుపడతారు! 

ఇంతకీ గొడవ దేనికయ్యా అంటే, చెప్తే నవ్విపోతారు! ఆస్తి కాదు, వాటాలు కాదు. కోడలు కాకినాడ వైపు పిల్ల అనీ కాదు, ఆ పిల్లను గండయ్య నెత్తిన పెట్టుకున్నాడు. గొడవంతా సముద్రాల అవతల, లివర్‌పూల్ అనే ఊళ్ళో బంతి తన్నే ఒక జట్టు గురించి! ఎవర్టన్ అని దాని పేరు. నీలి చొక్కాలు. ఆ ఊళ్ళోనే ఎర్ర చొక్కాల జట్టు ఇంకొకటి ఉంది, దానికి కప్పుల మీద కప్పులు. గండయ్య జట్టుకు మాత్రం తొంభై అయిదులో వచ్చిన కప్పే ఆఖరు! గెలిచేవాళ్ళనే పట్టుకోవచ్చు కదయ్యా అని శంకరమ్మ ఎన్నిసార్లు చెప్పి చూసిందో!

"గెలిచేటోనికి మస్తు మంది ఉంటరే! వీళ్ళకు మనం గూడ లేకపోతే ఎట్ల?" అనేవాడు గండయ్య, ఆ జట్టుకు ప్రపంచం మొత్తంలో నాచారమే దిక్కయినట్టు.

పెళ్ళికి ముందు అంటుకున్న పిచ్చి అది. నాచారంలో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పని గండయ్యది. షిఫ్టు దిగాక కంపెనీ జట్టులో బంతి ఆడేవాడు. ఒకసారి ఇంగ్లండు నుంచి చెక్కపెట్టెలో మిషన్ సామాను దిగింది. సామాను కదలకుండా కుక్కిన పాత కాగితాల్లో ఒక రంగుల బొమ్మ కనబడింది... నీలి చొక్కాల ఆటగాళ్ళు కప్పు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు. కంపెనీ జట్టు చొక్కాలు కూడా నీలివే! అంతే, ఆ కాగితాన్ని ఇస్త్రీ చేసి, ఫ్రేము కట్టించి, "మనోళ్ళు గెలిచిన్రు!" అని దోస్తులందరికీ చాయ్ తాగించాడు. తీరా సూపర్‌వైజరు చదివి చెబితే అది నిరుటి ముచ్చట! ఏడాది కిందటి గెలుపుకు పండగ చేసుకున్న మహానుభావుడు గండయ్య.

శంకరమ్మ ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన మర్నాడు తలస్నానం చేసి, దేవుడి పటాలకు బొట్లు పెడుతూ పెడుతూ, వరసలో చివరిగా ఉన్న ఆ ఫ్రేముకు కూడా పెట్టేసింది! ఒక్కొక్కరి నుదుటి మీదా పద్ధతిగా పసుపు, కుంకుమ! తెల్లగా ఉన్నారు, నిక్కర్లు తొడుక్కున్నారు, మిలిట్రీలో చేసి పోయిన మామగారి తరఫు పెద్దలేమో అనుకుంది పాపం! గండయ్య అది చూసి కడుపు పట్టుకుని నవ్వితే, ఆమె వంటింట్లో దాక్కుని ఎక్కెక్కి ఏడ్చింది. కానీ ఆ ఎండాకాలం రేడియోలో కబురు వచ్చింది. గండయ్య జట్టు దేశంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది!

"నీ బొట్టు మహిమనే శంకరమ్మా!" అని ఆయన ఆమెను ఎత్తుకుని తిప్పినంత పని చేశాడు. అప్పటి నుంచి ఆట ఉన్న రోజున ఆ ఫ్రేముకు బొట్టు పెట్టకపోతే ఆయన ముద్ద మింగడు. ఆ మొదటి స్థానం మహిమ మాత్రం ఆ ఒక్క ఏడాదితోనే అయిపోయింది! అయినా ఆ సంగతి ఆయన దగ్గర ఆమె ఏనాడూ ఎత్తలేదు.

తర్వాత జగన్ పుట్టాడు. నాన్న భుజాల మీద పెరిగాడు. టీవీలో వారానికి ఒక్కసారి చూపించే ఆట ముక్కల కోసం తండ్రీకొడుకులిద్దరూ యాంటెన్నా తిప్పుతూ మేడ మీద ఒకరు, కింద ఒకరు అరుచుకునే రోజులు... ఎంత బాగుండేవి! బంతి వలలో పడిందంటే చాలు, గండయ్య పిల్లాణ్ణి గాల్లోకి ఎగరేసి, "గోల్ రా జగ్గా!" అని కేకపెట్టేవాడు. ఆ కేకకు గల్లీలో కుక్కలు మొరిగేవి, పక్కింటి శ్యామలమ్మ పూజలో గంట ఆపేసేది! ఆ జట్టు గ్రౌండులో ఆటకు ముందు ఒక అమ్మాయి జనానికి మిఠాయి బిళ్ళలు పంచే ఆచారం ఉందని టీవీలో చూశారు. ఇంకేముంది, ఇంట్లోనూ మొదలు! ఆట ముందు గండయ్య జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి మనిషికొకటి పంచాల్సిందే.

ఒకరోజు నోట్లో పిప్పరమెంటుతో, బుగ్గ ఉబ్బించుకుని జగన్ అన్నాడు. "నేను పెద్దగైనంక నిన్ను ఆ గ్రౌండుకు తీస్కపోత నాయినా. ఇద్దరం చెయ్యి పట్టుకొని ఒక్కసారే లోపలికి పోదాం. నువ్వు లేకుంటే నేను పోను!"

"ఒట్టా?"

"ఒట్టు!"

తండ్రి నెత్తి మీద ఆ పసి చెయ్యి వేసి చేసిన ఒట్టు... శంకరమ్మకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది!

ఆ ఒట్టే కొంప ముంచింది. ఆరేళ్ళ కిందట జగన్‌ను అతని కంపెనీ వాళ్ళు పని మీద మాంచెస్టరుకు పంపారు. ఆ ఊరికి రైలెక్కితే గంటలో లివర్‌పూల్. ఒక ఆదివారం చుట్టాలందరి ఫోన్లలోకీ ఫొటో వచ్చింది. గూడిసన్ పార్కు అనే ఆ గ్రౌండు గేటు ముందు, మెడలో నీలి మఫ్లరుతో, జగన్! అందరూ ఆహా ఓహో అన్నారు. గండయ్య ఆ ఫొటోను చాలాసేపు చూసి, ఫోను తిరిగి ఇచ్చేసి, అన్నం సహించడం లేదని పడుకున్నాడు.

కొడుకు తిరిగొచ్చాడు. ఇల్లంతా చుట్టాలు. పెట్టె తెరిచి అందరికంటే ముందు ఆ మఫ్లరు తీసి, తండ్రి మెడలో ప్రేమగా వేశాడు. గండయ్య దాన్ని గుంజి తీసి, వరండాలోంచి వీధిలోకి విసిరేశాడు!

"ఇద్దరం పోదామన్నోనివి ఒక్కనివే పోతివి గదరా! గింత గుడ్డపీలిక తెచ్చి మెడల ఏస్తే మర్శిపోత ననుకున్నవా? నీకు నాయన లేడు, పో!"

జగన్ మొహం తెల్లబోయింది. ఏదో చెప్పబోయాడు... చుట్టాలందరి ముందు జరిగిన అవమానం ఆ మాటను మింగేసి, వేరే మాటను బయటికి నెట్టింది.

"అయితే ఇనుకో! ఆ గ్రౌండు సూడకుండనే పోతవ్ నువ్వు!"

అయ్యో! ఎంత మాట! కన్నతండ్రిని అనాల్సిన మాటా అది! శంకరమ్మ చెవులు మూసుకుంది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక వీధిలో మురికి మోరీ పక్కన పడి ఉన్న మఫ్లరు తెచ్చి, ఉతికి, కలరా ఉండలు వేసి తన ట్రంకు పెట్టె అడుగున దాచింది. ఆ రోజు నుంచి ఒకరు కింద, ఒకరు పైన.

చిత్రమేమిటంటే ఇద్దరూ ఆట చూడటం మానలేదు! కింద గండయ్య డిష్ టీవీలో చూస్తాడు. ఆ డిష్ తీగ తన గదిలోకి వద్దని జగన్ పైన ఫోనులో చూస్తాడు. ఫోనులో ఆట ఓ అర నిమిషం వెనకగా వస్తుంది. పైన ఆటగాడు బంతి వెనక ఇంకా పరిగెడుతూనే ఉంటాడు, కింద నుంచి "గోల్...!" అని కేక వచ్చేస్తుంది. కిటికీలు మూసుకున్నా, చెవుల్లో తీగలు పెట్టుకున్నా ఆ కేక నేలలోంచి వస్తుంది! "ఒక్కటంటే ఒక్క గోలన్న నా కండ్లతోటి నేను ముందుగాల సూస్తనా అమ్మా?" అని జగన్ విసుక్కుంటాడు. శంకరమ్మ నవ్వి ఊరుకుంటుంది. ఆమెకు మాత్రం ఆ కేక సగం కేకలా వినిపిస్తుంది. "గోల్..." అని, ఆ తర్వాత ఉండాల్సిన రెండు మాటలూ లేక, ఆయన గొంతు అక్కడే తెగిపోతుంది.

కోడలు ఆ కబురు చెప్పింది నిన్న. ఇవాళ ఆదివారం. ఆ గూడిసన్ పార్కులో ఆ మగవాళ్ళ జట్టుకు ఆఖరి ఆట! వచ్చే ఏడు నుంచి నది ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి మారిపోతున్నారట. మన టైము ప్రకారం సాయంత్రం నాలుగున్నరకే ఆట. పొద్దుటే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరినో సాగనంపడానికి బయల్దేరినవాడిలా కుర్చీలో కూర్చున్నాడు గండయ్య. శంకరమ్మ చాయ్ తెచ్చిస్తే, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"రేపు డిష్ టీవోనికి ఫోన్ జేసి బంద్ జెయ్యమను. ఇగ నేను సూడ. ఆ గ్రౌండే లేనంక ఇంకేంది? వాడన్నట్టే అయిపాయె..."

ఆరేళ్ళలో కొడుకు మాట ఆయన నోట రావడం అదే మొదలు! పైవాళ్ళ ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి! శంకరమ్మకు దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"బంద్ జెయ్యి! అన్నీ బంద్ జెయ్యి! వాడు గూడ పోతుండు వచ్చే ఆదివారం, ఎరుకనా నీకు? ఉప్పల్ల ఫ్లాటు తాళాలొచ్చినయట! ఇగ నీ కేకలు ఇనేటోళ్ళు గూడ ఉండరు పైన! ఆరేండ్లసంది వాడు మొత్తుకుంటుండు, ఒక్క గోలన్న నాయన కంటె ముందుగాల నా కండ్లతోటి సూడాలె అని! ఏ ఒక్కనాడన్న నెమ్మదిగ కూసున్నవా నువ్వు?"

గండయ్య చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"వాడు... ఇంక సూస్తుండా?"

"సూడకేంజేస్తడు? నీ కొడుకే గద!"

"మానేసిండనుకున్న... వానికి ఎరుక కావాల్ననే గట్టిగ అరిచిన..." అని గొణిగి, ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. పోయినేడు గుండెకు స్టెంటు వేశారు ఆయనకు. అప్పుడు జగన్ దవాఖానాలో మూడు రాత్రులు వార్డు బయట బెంచీ మీదే గడిపాడు కానీ మంచం దాకా రాలేదు! ఆ వంగిన వీపును చూస్తూ శంకరమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగున్నర కావస్తుండగా ఆమె ఫ్రేముకు బొట్టు పెట్టింది. గండయ్య జేబులోంచి రెండు పిప్పరమెంటు బిళ్ళలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎప్పుడూ రెండే పెడతాడు. ఒకటి నీకు అంటాడు, రెండోది ఎవరికో చెప్పడు. ఆమె కూడా అడగదు. మిరపకాయ బజ్జీల పళ్ళెంలో ఓ మూలకు ఆ రెండో బిళ్ళ పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది.

పైన గది నిండా అట్టపెట్టెలు... సగం కట్టినవి, సగం విప్పినవి. మధ్యలో కుర్చీలో జగన్, ఎదురుగా స్టూలు మీద గ్లాసుకు ఆనించిన ఫోను. తల్లి చేతిలోంచి పళ్ళెం అందుకుని, బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు. ఎక్కడిదని అతనూ ఏనాడూ అడగలేదు. రాజశ్రీ అత్తకు ఫ్యాను కింద చోటిచ్చింది.

"ఇయ్యాలనన్న జర కిందికి పోరాదు బిడ్డా... ఆఖరు ఆట గద..." అంది శంకరమ్మ ఆశ చంపుకోలేక.

"ఏం మొహం పెట్టుకొని పోనమ్మా? నా నోట్లకెల్లి వచ్చిన మాటే ఇయ్యాల నిజమైతుంటే!" అన్నాడు జగన్, ఫోను మీంచి చూపు తిప్పకుండా.

అంతలో ఫోనులో జనం ఒక్కసారిగా హోరుమన్నారు! నీలి చొక్కాలవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. గోల్! ఆట మొదలై పది నిమిషాలైనా కాలేదు!

"ఏమండీ, గోల్!" రాజశ్రీ చప్పట్లు కొట్టింది.

జగన్ లేవలేదు. నవ్వలేదు. నోరు తెరుచుకుని, కాళ్ళ కింద నేల వైపు చూస్తున్నాడు. అతని మొహంలో రంగు క్షణక్షణానికీ దిగిపోతోంది.

"అమ్మా... నాయన అరువలే!"

శంకరమ్మ కూడా చెవి ఒగ్గింది! అవును... కేక రాలేదు! ముందు రాలేదు, ఇప్పుడూ రాలేదు! తుఫాను వచ్చినా, కరోనా వచ్చినా, స్టెంటు వేయించుకుని వచ్చిన వారానికే డాక్టరు వద్దన్నా ఆగని కేక... ఈ ఆఖరి ఆటలో, ఇంత పెద్ద గోలుకు... రాలేదు! కింద టీవీ హోరు తప్ప ఇంకే అలికిడీ లేదు!

"నాయినా!"

జగన్ కుర్చీ తన్నేసి పరిగెత్తాడు. అట్టపెట్టెలు దొర్లిపోయాయి. చెప్పులు లేవు, ఒంటి మీద బనీనే! రెండేసి మెట్లు దూకుతూ దిగుతున్నాడు. వెనక రాజశ్రీ, ఆ వెనక శంకరమ్మ. ఆ మెట్లు ఆమెకు అంత పొడుగ్గా ఏనాడూ అనిపించలేదు. అమ్మా పోచమ్మ తల్లీ, నా పసుపు కుంకుమలు కాపాడు... నా కొడుకు అన్న ఆ పాపిష్టి మాట నిజం చేయకు తల్లీ!

కింద తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. గండయ్య కుర్చీలో ముందుకు వంగిపోయి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఎర్రగా ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. రెండు చేతులతోనూ నోట్లో ఏదో గుడ్డ కుక్కుకున్నాడు... కళ్ళ నుంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి!

"నాయినా! ఏమైంది నాయినా? ఛాతీ నొస్తుందా? అమ్మా, అంబులెన్సుకు ఫోన్ జెయ్!" జగన్ తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి, గుడ్డ లాగేశాడు. అది గుడ్డ కాదు... నీలి మఫ్లరు!

గండయ్య ఊపిరి తీసుకున్నాడు. కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఆత్రంగా అడిగాడు.

"సూసినవా?"

"ఏంది నాయినా?"

"గోల్... గోల్ సూసినవా బిడ్డా? నీ కండ్లతోటి నువ్వే ముందుగాల సూసినవా? నేను అరువలే గద... జరంత గూడ వినబడలే గద?"

ఆ ముసలాయన కేక ఆపుకోవడానికి గొంతు నరాలు తెగేలా గుడ్డ కుక్కుకున్నాడు! ముప్పై తొమ్మిదేళ్ళ సంతోషం ఒక్క గోలులో వచ్చి మీద పడితే, అది కొడుకుదని, కొడుకే ముందు చూడాలని, నోరు మూసుకుని కూర్చున్నాడు!

"మీ అమ్మ పొద్దుగాల చెప్పింది... నా కేకతోటి నీ గోలన్నీ ఖరాబైనయంట గద! నాకు ఎరుకనే లేదు బిడ్డా. ఆఖరు ఆటనన్న నువ్వు మంచిగ సూడాలెనని..."

"అరువు నాయినా! నువ్వు అరువు!" జగన్ తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "నువ్వు అరవకపోతే నాకు గోలెందుకు? స్టెంటు ఏసినకాన్నుంచి నేను గోల్ కోసం సూస్తున్న ననుకున్నవా? నీ కేక కోసం చెవులు పెట్టుకొని కూసుంటున్న! కేక వినబడితే... మా నాయన మంచిగున్నడు అని..."

"నీ మాట నిజమాయె గద బిడ్డా. ఆ గ్రౌండు సూడకుండనే..."

"ఆ మాట ఎత్తకు నాయినా, నీ కాళ్ళు మొక్కుత!"

అప్పటిదాకా గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ రాజశ్రీ ముందుకొచ్చింది.

"మావయ్యా... చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు ఈయన. కానీ ఇవాళ చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. ఆయన ఆ రోజు లోపలికి వెళ్ళలేదు మావయ్యా!"

"ఏందమ్మా?"

"గూడిసన్ పార్కు లోపలికి వెళ్ళలేదండీ! టికెట్టు కొనుక్కున్నారు, గేటు దాకా వెళ్ళారు. అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు! 'నాన్న లేకుండా కాళ్ళు కదలట్లేదు రాజీ, ఒట్టు పెట్టాను' అని. ఆట జరిగినంతసేపూ ఆ గోడ బయటే నిలబడి లోపలి జనం అరుపులు విన్నారు మావయ్యా! గోల్ ఎవరు వేశారో కూడా తెలియదు ఆయనకి. మీరు ఫొటో ఒక్కటే చూశారు..."

గండయ్య కొడుకు గడ్డం పట్టి తల పైకెత్తాడు.

"నిజమారా? ఆరేండ్లు... ఆరేండ్లు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పనీకే మఫ్లరు తీసిన. నువ్వు ఇసిరేస్తివి. నాకు రోషమొచ్చె..."

"నేనే పాపిష్టోన్ని బిడ్డా! నా చేతులిరిగిపోను!" అంటూ ఆయన ఆ మఫ్లరును కళ్ళకద్దుకుని ఏడుస్తుంటే, శంకరమ్మకు ఒక్కసారిగా ఏదో తట్టింది.

"ఆగు ఆగు! అది నా ట్రంకు పెట్టెల అడుగుకు ఉండె గద! నీకెట్ల ఎరుక?"

గండయ్య సిగ్గుపడ్డాడు. "ఎప్పటిసంది ఎరుకే. నువ్వు గుడికి పోయిన్నాడల్ల తీసి సూసుకుంట కూసుంట. మళ్ళ నువ్వు మలిచినట్టే మలిచి పెడుత..."

శంకరమ్మకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఒళ్ళు మండింది!

"ఇద్దరికి ఇద్దరే! ఒకడు గేటు కాడ నిలబడి ఏడిసె, ఒకడు పెట్టె ముందట కూసోని ఏడిసె! నోరు తెరిచి ఒక్క ముచ్చట చెప్పుకుంటే పోయేదానికి, ఆరేండ్లు మెట్లెక్కి దిగి నా మోకాళ్ళు పాయె గదరా! నా మోకాళ్ళు ఎవలు తెచ్చిస్తరు?"

ఆ మాటకు ముగ్గురూ ఏడుస్తూనే నవ్వేశారు. రాజశ్రీ అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది. జగన్ తండ్రి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు, చిన్నప్పుడు కూర్చున్న చోటే. తండ్రి చెయ్యి కొడుకు నెత్తి మీదికి దానంతటదే వచ్చింది. టీవీలో ఆట సాగుతూనే ఉంది. పాత ఇనుప స్తంభాలు, నీలిరంగు కుర్చీలు, తమలాగే కళ్ళు తుడుచుకుంటున్న ముసలివాళ్ళు...

"ఇద్దరం చెయ్యి పట్టుకొని పోదామనుకుంటిమి. ఇగ ఆ ఇల్లు పాయె" అన్నాడు గండయ్య మెల్లగా.

"పోలే నాయినా. కూలగొడుతలేరు. ఆడోళ్ళ టీముకు ఇచ్చిన్రు, ఇగ వాళ్ళు ఆడుతరు అండ్ల."

"ఏందీ? ఆడపిల్లలకా?" శంకరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే నేను గూడ వస్త! మీ ఇద్దర్ని పంపిస్తే మళ్ళ గేటు కాడనే నిలబడి వస్తరు!"

గండయ్య చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "పోండ్రి బిడ్డా, ఉప్పల్ కు పోండ్రి. మంచిగ పాలు పొంగియ్యిండ్రి. నేనొచ్చి కొబ్బరికాయ కొడుత. వాళ్ళు గూడ ఇల్లు మారుతున్నరు గద, టీము మారుతదా? ఆట ఉన్నప్పుడు మాత్రం ఇద్దరు ఇక్కడికే రావాలె" అన్నాడు.

"తప్పకుండా మావయ్యా!" అంది రాజశ్రీ.

పైన బజ్జీలు చల్లారిపోతున్నాయని శంకరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. కోడలు తెస్తానన్నా వినకుండా తనే మెట్లెక్కింది. చిత్రం, మోకాళ్ళు నొప్పి పెట్టలేదు! గదిలో ఫ్యాను తిరుగుతోంది. దొర్లిన అట్టపెట్టెల మధ్య స్టూలు మీద ఫోను ఇంకా ఆడుతోంది. పళ్ళెం తీసుకుని వెనక్కి తిరిగిందో లేదో, కింద నుంచి ఇల్లు అదిరిపోయేలా వచ్చింది కేక!

"గోల్ రా జగ్గా!"

పూర్తి కేక! తెగిపోకుండా, పేరుతో సహా! ఎన్నాళ్ళయింది ఆ రెండు మాటలూ కలిసి విని! పక్కింటి శ్యామలమ్మ గంట ఆగిపోవడం కూడా వినిపించింది ఆమెకు.

ఫోను వైపు చూసింది. అక్కడ గోల్ ఇంకా కాలేదు! ఆటగాళ్ళు ఏమీ ఎరగనట్టు బంతి వెనక పరిగెడుతున్నారు. ఆమె పళ్ళెం పక్కన పెట్టి, కొడుకు కుర్చీలో కూర్చుని, ఫోను రెండు చేతులతోనూ పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో బొట్లు పెట్టింది, బజ్జీలు వేసింది, కేకలు విన్నది... కానీ బంతి వలలో పడటం ఒక్కసారీ తన కళ్ళతో చూసి ఎరగదు! ఊపిరి బిగబట్టి చూసింది. వస్తోంది... వస్తోంది... అదిగో!

"గోల్ రా జగ్గా!" అని అరిచింది శంకరమ్మ, జన్మలో మొదటిసారి, గొంతు పగిలేలా!

కింద ముగ్గురి నవ్వులూ మెట్ల మీదుగా పైకి వచ్చాయి.

"అది ఎప్పుడో అయిపాయెనే శంకరమ్మా!" గండయ్య గొంతు.

"అయితే ఏంది?" కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ పైనుంచే కేకేసింది ఆమె. "నాకిప్పుడే అయింది!"